అప్‌డేట్ మధ్యలో ఆగే ఆట, డీ డ్రైవ్‌లో అక్క పెళ్లి ఫొటోలు

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంజినీరింగ్ సెకండియర్ చదువుతున్నాను. కంప్యూటర్ ఆటలు కొని దించుకునే స్టీమ్ అనే యాప్‌లో 80 జీబీ పైన ఉండే ఒక ఆట ఆడతాను. నెల రోజులుగా అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అరవై, డెబ్భై శాతం మధ్య ఆగిపోతోంది. సిస్టమ్ కాసేపు హ్యాంగ్ అయి ‘డిస్క్ రైట్ ఎర్రర్’ అని వస్తుంది, లేదా స్టీమ్ దానంతట అదే మూసుకుపోతుంది. ఒకసారి కంప్యూటరే రీస్టార్ట్ అయింది. రెండుసార్లు ఆట మొత్తం తీసేసి మళ్లీ దించాను. వారం పనిచేసింది, మళ్లీ అదే వరస. నెట్ కోటా కూడా అయిపోయింది. షాపులో చూపిస్తే గ్రాఫిక్స్ కార్డు వీక్ అయింది, ముందు మొత్తం ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయాలన్నారు. నాన్న ‘ఆ ఆటలే మానెయ్’ అంటున్నారు. సీ డ్రైవ్ 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. డీ డ్రైవ్ మా పాత కంప్యూటర్‌లోంచి తీసి పెట్టిన 1 టీబీ హార్డ్ డిస్కు. ఆట డీలోనే ఉంది. నాన్న పట్నంబజారు కొట్టు ట్యాలీ లెక్కలు, అక్క పెళ్లి ఫొటోలు కూడా డీలోనే ఉన్నాయి. ఫార్మాట్ కొట్టించమంటారా?

సమాధానం:

తమ్ముడూ, కొట్టించొద్దు. ఈ జవాబు పూర్తిగా చదవకముందే స్టీమ్ తెరిచి ఆ అప్‌డేట్‌ను పాజ్ చెయ్యి. కంప్యూటర్ ఆన్ కాగానే స్టీమ్ దానంతట అది మొదలయ్యే సెట్టింగ్ ఉంటే అది కూడా తీసెయ్యి. కంప్యూటర్ ఇంకా షాపులోనే ఉంటే వాళ్లకు ఫోన్ చేసి, డీ డ్రైవ్‌ను ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు. ఇవి అయ్యాక నింపాదిగా చదువు.

ఆట గురించి ఇంత వివరంగా రాసి, లెక్కల గురించీ ఫొటోల గురించీ చివర్లో ఒక్క మాట రాశావు. నాకు ఆ ఒక్క మాట దగ్గరే గుండె ఝల్లుమంది. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఆటకు వచ్చిన జబ్బేమీ లేదు. ఆ పాత హార్డ్ డిస్కు పోయే దారిలో ఉందని నా గట్టి అనుమానం. ఆ అనుమానం నిజమో కాదో నువ్వే పావుగంటలో తేల్చుకోవచ్చు, ఎలాగో చెబుతాను. అయితే తేల్చుకునేలోపు ట్యాలీ ఫోల్డర్ మాత్రం ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసెయ్. దానికి రుజువు కోసం ఎదురుచూడక్కర్లేదు.

అప్‌డేట్ అప్పుడే ఎందుకు ఆగుతోంది, మిగతా వేళల్లో కంప్యూటర్ బాగానే ఉంటోంది కదా అని నీకు సందేహం రావాలి. అప్‌డేట్ అంటే నెట్ నుంచి కొత్త ఫైళ్లు వచ్చి కూర్చోవడమేనని చాలామంది అనుకుంటారు. స్టీమ్ చేసే పని అంతకంటే బరువైనది. ఆట ఫైళ్లను అది సుమారు ఒక్కో ఎంబీ ముక్కలుగా చూస్తుంది. మారిన ముక్కలను మాత్రమే నెట్ నుంచి తెస్తుంది. మారని ముక్కలను నీ డిస్కులో ఉన్న పాత ఫైళ్లలోంచి చదువుతుంది. రెండింటినీ కలిపి ‘డౌన్‌లోడింగ్’ అనే ఫోల్డర్‌లో కొత్త ఫైలు తయారుచేసి, సరిచూసుకుని, ఆ తర్వాత ఆట అసలు ఫోల్డర్‌లోకి మారుస్తుంది. ఇప్పటి ఆటల్లో ఒక్కో ఫైలే పదుల జీబీలు ఉంటుంది. అందుకని రెండు జీబీల అప్‌డేట్ అని తెరమీద కనిపించినా, డిస్కు మీద నలభై యాభై జీబీలు చదివి రాయాల్సి రావచ్చు. రోజంతా బ్రౌజర్ తెరిచి పాఠాలు చూసుకుంటే ఆ డిస్కుకు అందులో పదో వంతు పని కూడా పడదు.

ఇప్పుడు నీ అరవై, డెబ్భై శాతం సంగతి. హార్డ్ డిస్కులో సమాచారం సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్లలో ఉంటుంది. ఒక గడి పాడైతే, దాని మీద కొత్తగా రాయబోయినప్పుడు డిస్కు గ్రహించి, ఆ సమాచారాన్ని పక్కన అట్టిపెట్టుకున్న మరో గడిలోకి మార్చేసుకోగలదు. నీకు తెలియను కూడా తెలియదు. చదివేటప్పుడు మాత్రం ఆ వెసులుబాటు లేదు. అందులో ఉన్నది ఇంకెక్కడా లేదు కాబట్టి అదే గడిని పదే పదే చదవడానికి ప్రయత్నిస్తుంది. నీకు హ్యాంగ్‌లా కనిపించేది ఆ ప్రయత్నమే. స్టీమ్ పాత ముక్కలను చదువుకుంటూ వెళ్లి, పాడైన గడి దగ్గరకు రాగానే ఆగుతుంది. దాదాపు ప్రతిసారీ ఒకే చోట ఆగడానికి కారణం అదే. ఆట తీసేసి మళ్లీ వేస్తే వారం పనిచేయడం కూడా దీనికి సరిపోతుంది: కొత్త ఫైళ్లు వేరే గళ్లలో పడ్డాయి, కొన్ని చెడ్డ గళ్లు రాసేటప్పుడు మార్పిడి అయిపోయాయి. తర్వాత వేరే చోట కొత్త గళ్లు పాడయ్యాయి. అలా పెరుగుతూ పోవడమే నాకు భయం.

గ్రాఫిక్స్ కార్డు మాట పక్కన పెట్టెయ్. అప్‌డేట్ జరుగుతున్నప్పుడు ఆట నడవదు, గ్రాఫిక్స్ కార్డుకు అక్కడ చెప్పుకోదగ్గ పనేమీ ఉండదు. నెట్, ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, వీటన్నిటికీ వెనక కరెంటు సరఫరా. దోషం ఈ అయిదింటిలోనే వెతకాలి. షాపువాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ‘ఆట ఆడుతుంటే ఆగిపోతోంది’ అని వాళ్లకు వినపడి ఉంటే కార్డు మీద అనుమానం రావడం సహజమే. అప్‌డేట్‌లో ఆగడం, ఆటలో ఆగడం వేర్వేరు జబ్బులు. ఎవరికి చూపించినా ఆ తేడా ముందే చెప్పు.

సరే, పరీక్ష. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే చోట నీ హార్డ్ డిస్కు మీద ఒకసారి నొక్కి, ఆ తెరను అలాగే ఉంచు. డీ డ్రైవ్‌లోంచి ఏదైనా ఫైలు తెరిచి చూడు. ఆరోగ్యంగా ఉన్న డిస్కు పెద్ద ఫైలు చదివేటప్పుడు సెకనుకు వంద ఎంబీ అటూ ఇటూగా ఇస్తుంది. పోయే డిస్కు తీరు వేరు: యాక్టివ్ టైమ్ నూరు శాతం చూపిస్తుంది, కింద రీడ్ స్పీడ్ మాత్రం సున్నా. రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకండ్లలోకి పోతుంది. క్యాబినెట్ మీద డిస్కు లైటు మినుకుమినుకుమనడం మానేసి అలాగే వెలిగి ఉంటుంది. ఫ్యాన్ ఆపి, టీవీ ఆపి, క్యాబినెట్‌కు చెవి దగ్గర పెట్టు. టిక్, కాస్త ఆగి మళ్లీ టిక్, అని ఒకే లయలో వినిపిస్తే ఇంకే పరీక్షా అక్కర్లేదు. ఫైళ్లు కాపీ చేసుకోవడం మొదలుపెట్టెయ్.

అప్‌డేట్ ఆగినప్పుడు స్టీమ్ డౌన్‌లోడ్స్ పేజీ ఎలా ఉందో గుర్తుందా? నీలం గీతలు నెట్‌వి, ఆకుపచ్చ గీత డిస్కుది. నెట్ సమస్య అయితే నీలం పడిపోతుంది కానీ కంప్యూటర్ మామూలుగానే తిరుగుతుంది, వేరే పనులు చేసుకోవచ్చు. రెండూ కలిసి నేలకు పడిపోయి, మౌస్ కూడా మొరాయిస్తే దోషం ఇంట్లోనే ఉంది.

మాటల్లో కాక అంకెల్లో కావాలంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వెయ్యి, డీలో కాదు, సీలో. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి తానే ఒక చిట్టా రాసుకుంటుంది, ఈ ప్రోగ్రాం దాన్ని చూపిస్తుంది. నీలం రంగు గుడ్, పసుపు రంగు కాషన్, ఎరుపు బ్యాడ్. రంగు ఒక్కటే చూసి వదిలేయకు. సున్నా అయిదు అనే వరసలో ఇప్పటికే మార్పిడి అయిన గళ్ల లెక్క ఉంటుంది. సీ5 వరసలో, చదవలేక మార్పిడి కోసం ఎదురుచూస్తున్న గళ్ల లెక్క. సీ6లో ఇక సరిచేయలేనివి. నీ విషయంలో నాకు ముఖ్యం సీ5. అక్కడ సున్నా కాక వేరే అంకె ఉంటే నా అనుమానం నిజమైనట్టే. అంకెలు మామూలు లెక్కలో ఉండకపోవచ్చు, పదహారు ఆధారంగా రాసి ఉంటాయి. 10 అని కనిపిస్తే పదహారు అని అర్థం. అంత వివరం అక్కర్లేదులే. సున్నాయా, కాదా, అంతవరకు చాలు. సీ7 ఒక్కటే ఎక్కువగా ఉండి మిగతావి సున్నాలైతే సంతోషించు. అది చాలాసార్లు డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ దోషం. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కేబుల్ మార్చి చూస్తే సరిపోతుంది. పాత కంప్యూటర్‌లోంచి డిస్కు తెచ్చినప్పుడు పాత కేబులే వాడి ఉంటారు కాబట్టి ఆ అవకాశమూ లేకపోలేదు.

విండోస్ కూడా ఒక దినచర్య రాసుకుంటుంది. స్టార్ట్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరువు, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడు. అప్‌డేట్ ఆగిన సమయం నీకు తెలుసు కదా, సరిగ్గా ఆ నిమిషాల్లో ‘డిస్క్’ పేరుతో 7 అనే నంబరు ఉంటే పాడైన గడి తగిలిందని అర్థం. 153 అంటే చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. కంప్యూటర్ రీస్టార్ట్ అయిన రోజు ‘కెర్నల్ పవర్’ 41 కనిపిస్తుంది. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. దాని గురించి కాసేపట్లో చెబుతాను, ఎందుకంటే ఆ ఒక్క రీస్టార్ట్ డిస్కు వల్ల జరిగి ఉండదని నా అభిప్రాయం.

ఇప్పుడు కాపీ. వరస ముఖ్యం. ముందు ట్యాలీ. చిన్నది, విలువైనది. ట్యాలీలోనే బ్యాకప్ అనే ఆప్షన్ ఉంది, అది వాడు, విడిగా డేటా ఫోల్డర్‌ను కూడా కాపీ చెయ్యి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి సీ డ్రైవ్‌లో, వీలైతే ఇంకొకటి గూగుల్ డ్రైవ్‌లో. అక్కడ 15 జీబీ దాకా ఉచితమే. ట్యాలీ బ్యాకప్ రోజూ తీస్తున్నామని నాన్నగారు అనొచ్చు. ఏ డ్రైవ్‌లోకి వెళ్తోందో చూడు. అదే డీలోకి వెళ్తుంటే అది బ్యాకప్ కిందకు రాదు.

తర్వాత పెళ్లి ఫొటోలు. వీటికి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కావాలి. కొనేదాకా ఆగకు, ఇవాళ స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకో. మొత్తం ఫోల్డర్ ఒకేసారి పట్టుకుని లాగొద్దు. తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్, ఇలా విడి విడి ఫోల్డర్లు ఉంటాయి కదా, ఒక్కొక్కటిగా చెయ్యి. ఏదైనా ఫోల్డర్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్లు. మొండిగా అక్కడే కూర్చుంటే బాగున్నవి కూడా చేజారిపోవచ్చు. ఆగినవాటిని ఆఖర్న చూడొచ్చు. ఆన్‌లైన్‌లో అయిదొందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని కనిపిస్తుంది. దాన్ని నమ్మకు. లోపల ఉండేది కొద్ది జీబీలే, మిగతాదంతా ఎక్కినట్టు కనిపించి మాయమవుతుంది.

ఆటను కాపీ చేయొద్దు. అది మళ్లీ దొరుకుతుంది. ఆటలో నువ్వు సాధించిన లెవెళ్లు మాత్రం చూసుకో. లైబ్రరీలో ఆ ఆటకు క్లౌడ్ గుర్తు ఉంటే అవి స్టీమ్ సర్వర్‌లో భద్రంగానే ఉంటాయి. లేకపోతే చాలా ఆటలు వాటిని డాక్యుమెంట్స్‌లోనో, సీ డ్రైవ్‌లోని యాప్ డేటా ఫోల్డర్‌లోనో దాచుకుంటాయి. కొన్ని ఆట ఫోల్డర్‌లోనే పెడతాయి కాబట్టి తీసేసే ముందు ఒకసారి వెతుకు.

కాపీ పూర్తయ్యేదాకా మూడు పనులు చేయకు. స్టీమ్‌లో ‘వెరిఫై ఇంటిగ్రిటీ’ నొక్కొద్దు, అది 80 జీబీలనూ మొదటి నుంచి చివరిదాకా చదివిస్తుంది. డిస్కును డీఫ్రాగ్మెంట్ చేయొద్దు, అంటే చెల్లాచెదురుగా ఉన్న ఫైలు ముక్కలను ఒకచోటికి సర్దించొద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, డిస్కు తప్పులు వెతికి దిద్దే విండోస్ ప్రోగ్రాం చెక్ డిస్క్ పెట్టొద్దు. ఎవరిని అడిగినా మొదట చెప్పే సలహా అదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నేను ఆ తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట విజయవాడ సత్యనారాయణపురంలో మా మేనత్త వాళ్ల కంప్యూటర్ ఇలాగే మొరాయిస్తే, బాగుచేస్తానని చెక్ డిస్క్ పెట్టి అన్నానికి కూర్చున్నాను. తిని వచ్చి చూసేసరికి మనవడి అన్నప్రాశన వీడియోల ఫోల్డర్ లేదు. దాని బదులు ‘ఫౌండ్’ అని ఒక ఫోల్డర్, అందులో పేరూ ఊరూ లేని వందల ముక్కలు. చెక్ డిస్క్ తన పని తాను సరిగానే చేసింది. దాని పని డిస్కు లెక్కలు సరిచేయడం, నీ ఫైళ్లు కాపాడటం కాదు. అత్త ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఎవరి డిస్కు ముట్టుకున్నా ముందు కాపీ, తర్వాతే ఇంకేదైనా.

కాపీ చేస్తుండగా డిస్కు కంప్యూటర్‌కు కనిపించకుండా పోయినా, టిక్ టిక్ పెరిగినా వెంటనే షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసెయ్. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందనే మాట ఇప్పటికీ తిరుగుతోంది. లోపల చెమ్మ పట్టి ఉన్నదీ పోతుంది. ఆ పరిస్థితి వస్తే డేటా రికవరీ మాత్రమే చేసేవాళ్లకు ఇవ్వాలి. అది ఖరీదైన పని. పని మొదలుపెట్టే ముందే ఎంతవుతుందో రాసి ఇమ్మని అడగాలి.

ఆ రీస్టార్ట్ సంగతికి వస్తాను. ఆ రోజు కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారిందేమో ఇంట్లోవాళ్లను అడుగు. అమ్మకు గుర్తుంటుంది, మిక్సీ మధ్యలో ఆగిపోయి ఉంటుంది కదా. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ లోపలి పవర్ సప్లై తనలో ఉన్న నిల్వతో కాసేపు నెట్టుకొస్తుంది. ఆ కాసేపు ఎంతంటే, ఈ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణాల ప్రకారం బరువును బట్టి సుమారు 12 నుంచి 17 మిల్లీసెకండ్లు. పాతబడిన సప్లై అంత కూడా ఆగదు. ఆ లోపు ఇన్వర్టర్ అందుకోవాలి. మన ఇళ్లలో వాడే ఇన్వర్టర్లలో చాలావాటికి వెనకో ముందో ఒక చిన్న స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు నార్మల్ లేదా ఎకో. నార్మల్‌లో ఉంటే మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యాన్లకూ లైట్లకూ అది పట్టదు, ఒక్క మినుకు మినుకుమని ఊరుకుంటాయి. కంప్యూటర్ మాత్రం ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. అప్‌డేట్ వేళ ప్రాసెసర్, డిస్కు పూర్తి బరువు మీద ఉంటాయి కాబట్టి నిల్వ ఇంకా త్వరగా అయిపోతుంది. మామూలప్పుడు తట్టుకున్న కంప్యూటర్ అప్పుడు తట్టుకోలేదు.

నీ దగ్గర ఆ స్విచ్ ఎటు ఉందో చూడు. పెద్దవాళ్లను అడిగి యూపీఎస్ వైపుకు మార్పించు. వోల్టేజి బాగా తక్కువగా ఉండే ఇంట్లో ఇలా మారిస్తే ఇన్వర్టర్ తరచుగా బ్యాటరీ మీదకు వెళ్తుంది, అది కాస్త గమనించుకోవాలి. ఇంకో సంగతి: కంప్యూటర్ పెట్టిన ప్లగ్‌కు అసలు ఇన్వర్టర్ లైన్ ఉందా? వైరింగ్ చేసేటప్పుడు లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమే ఇచ్చి ప్లగ్గులు వదిలేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉంటాం, తీరా చూస్తే ఆ ప్లగ్ నేరుగా మెయిన్ మీద ఉంటుంది. అలా అయితే కంప్యూటర్‌కు విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టించండి. ట్యాలీ నడిచే కంప్యూటర్‌కు అది ఆట కోసం కాకపోయినా కావాల్సిందే. బిల్లు ఎక్కిస్తుండగా కరెంటు పోతే ట్యాలీ డేటా కూడా దెబ్బతినొచ్చు.

సీ5 సున్నా అని తేలి, కేబుల్ మార్చినా, కరెంటు సరిచేసినా అప్‌డేట్ ఆగుతూనే ఉంటే అప్పుడు వెరిఫై ఇంటిగ్రిటీ పనికొస్తుంది. లైబ్రరీలో ఆట మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లో ఉంటుంది. వెంటవెంటనే రెండుసార్లు చేయించు. ఒకటి రెండు ఫైళ్లు ఎప్పుడూ తప్పుగా చూపించడం మామూలే, ఆ ఆట తన సెట్టింగులు రాసుకునే ఫైళ్లవి. మొదటిసారి పది, రెండోసారి వేరే పదిహేను అని అంకె మారుతూ ఉంటే డిస్కును వదిలి ర్యామ్‌ను అనుమానించు. నెట్ నుంచి ముక్కలు కుదించిన రూపంలో వస్తాయి, వాటిని ప్రాసెసర్ ర్యామ్‌లో విప్పుతుంది, అక్కడ ఒక్క అక్షరం తారుమారైనా ఫైలు లెక్క తప్పుతుంది. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని స్టార్ట్‌లో వెతికితే దొరుకుతుంది, రాత్రి పడుకునే ముందు పెట్టు. నీ ప్రాసెసర్ ఏదో రాయలేదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి వోల్టేజి వల్ల అస్థిరత వస్తోందని 2024లో ఆ కంపెనీయే చెప్పి, బయోస్ (మదర్‌బోర్డులో ఉండి, కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ ద్వారా దిద్దుబాటు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. వాటిలోనూ ఫైళ్లు విప్పే పని దగ్గరే ఆటలు పడిపోయేవి. నీది ఆ తరానిదైతే బయోస్ అప్‌డేట్ చేయించు.

విండోస్ సెక్యూరిటీలో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్‌లో ఉన్నా డిస్క్ రైట్ ఎర్రర్ వస్తుంది. కానీ అది హ్యాంగ్ చేయదు, వెంటనే ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. నీకు హ్యాంగ్ ముందు, ఎర్రర్ తర్వాత వస్తోంది కాబట్టి నేను అటు వెళ్లలేదు.

డిస్కు పోయిందనే తేలితే, ఆట కోసం ఎస్‌ఎస్‌డీ కొనుక్కో. నీ సీ డ్రైవ్‌లో పెట్టొచ్చు కదా అంటే, 256 జీబీ అని రాసి ఉన్నా విండోస్‌లో 238 దాకే కనిపిస్తుంది. విండోస్, చదువు సామాను పోగా 80 జీబీ ఆటా, అప్‌డేట్ వేళ కొత్త ఫైలు కట్టుకోవడానికి దానికి కావాల్సిన ఖాళీ స్థలమూ, అన్నీ కలిస్తే ఇరుకు. కొనే ముందు మీ మదర్‌బోర్డు పేరు రాసుకెళ్లి, దానికి ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ పడుతుందా, సాటా రకం మాత్రమేనా అని అడుగు. మీ ఊళ్లోనూ, విజయవాడ గవర్నర్‌పేటలోనూ, రెండు మూడు చోట్ల ధర కనుక్కో. వారంటీ ఉన్న బిల్లు లేకుండా తీసుకోకు. లెక్కలకూ ఫొటోలకూ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు విడిగా ఉండాలి, అది ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ఎక్స్‌టర్నల్ డిస్కే కొను, ఆట ఓ నెల ఆగినా ఫరవాలేదు.

మళ్లీ 80 జీబీ దించాలంటే కోటా లేదన్నావు. మీ స్నేహితుల్లో అదే ఆట ఉన్నవాడు ఒకడుంటాడు. వాణ్ణి ల్యాప్‌టాప్ తెమ్మను. 2023 నుంచి స్టీమ్‌లో ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఆట ఫైళ్లు పంపుకునే సదుపాయం ఉంది. మామూలుగా ఒకే ఖాతావాళ్లకు పనిచేస్తుంది, సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద స్నేహితులకు కూడా అని మార్చుకోవచ్చు. ఇద్దరూ ఒకే వైఫైలో ఉండి, వాడి దగ్గర ఆట తాజాగా అప్‌డేట్ అయి ఉంటే, నువ్వు ఇన్‌స్టాల్ నొక్కగానే వాడి ల్యాప్‌టాప్ నుంచే వస్తుంది. నీ ఖాతాలో ఆట కొని ఉంది కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. పాత డీ డ్రైవ్ నుంచి కొత్తదానికి స్టీమ్‌లోని ‘మూవ్’ వాడొద్దు, మళ్లీ ఆ చెడ్డ గళ్ల దగ్గరకే పోయి ఆగుతుంది.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆట దగ్గర మొదలుపెట్టకు. సీ5 అంకె కనిపించే తెరను ఫోన్‌లో ఫొటో తీసి, మన లెక్కలు ఈ డిస్కులో ఉన్నాయి, ఇది పోబోతోంది, ఇదిగో కాపీ తీశాను అని చూపించు. ఆ ఆట లేకపోతే ఆ డిస్కుకు అంత బరువైన పని ఎవరూ చెప్పేవాళ్లు కాదు. జబ్బు చాలాకాలం బయటపడేది కాదు, పడిన రోజున లెక్కలతో సహా పోయేది. ఇది నాన్నగారికి నేను చెబుతున్న మాటగా కూడా చదివి వినిపించు.

పాత డిస్కును విప్పాక పారేయకండి, అమ్మకండి కూడా. దాని మీద తేదీ రాసి, ఒక కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచండి. అక్కను ఒకరోజు కూర్చోబెట్టి, కొత్త డిస్కులో పెళ్లి ఫొటోలన్నీ ఒక్కొక్కటీ తెరిపించు. కాపీ అయినట్టు కనిపించి సగం బూడిద రంగులో తెరుచుకునేవి కొన్ని ఉండొచ్చు. అలాంటివి ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో రాసుకుని నాకు పంపు.